కంచల్లో గుంతలు తవ్వించకండి
నాగర్‌కర్నూల్ జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి,



తొలకరి దగ్గరపడుతోంది. మొక్కలు ఎక్కడ నాటాలో మండలాల వారీగా జాబితాలు తయారయ్యే రోజులివి. ప్రతి ఊరూ తన వంతు లెక్క చూపించాలి. ఊళ్ళో జాగా దొరకదు, పట్టా భూమిలో రైతు ఒప్పుకోడు. చివరికి అందరి కళ్ళూ ఊరి పశువులు మేసే కంచ మీద పడతాయి. సర్వే నంబరు సర్కారుది, పంట లేదు, అడ్డుపడేవాడు లేడు. కొల్లాపూర్, పెంట్లవెల్లి, కోడేరు, పెద్దకొత్తపల్లి మండలాల్లో మిగిలిన కంచలను ఈసారి ఆ జాబితాలోంచి తీసేయించమని అడగడానికే ఈ ఉత్తరం. మీ ఒక్కరికే కాకుండా అందరూ చదివేలా ఎందుకు రాస్తున్నానంటే, చెట్టు ఉంటేనే పచ్చదనం, లేకపోతే బంజరు అన్న నమ్మకం ఆఫీసుల్లో ఎంత ఉందో మా ఊళ్ళల్లోనూ అంతే ఉంది. ఆ నమ్మకం మారకుండా ఒక్క ఉత్తర్వు వల్ల పెద్ద మేలు జరగదు.

వేసవిలో ఈ నేలలను చూసిన వాళ్ళు బీడు అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. ఎర్రటి గరుసు మట్టి, పైకి తేలిన రాళ్ళు, ఎండి తెల్లబడ్డ గడ్డి దుబ్బులు, దూరదూరంగా ఒక రేగు కంప, ఒక మోదుగు, ఒక జమ్మి. కానీ మృగశిర కార్తెలో రెండు మంచి వానలు పడ్డాక వారం ఆగి వచ్చి చూడండి. చచ్చిపోయిందనుకున్న దుబ్బు మొదట్లోంచి పచ్చటి పోచలు పొడుచుకొస్తుంటాయి. తడి మట్టి మీద ఆరుద్ర పురుగులు తిరుగుతుంటాయి. భాద్రపదం నాటికి గడ్డి మోకాలెత్తు అవుతుంది. దసరా ముందు తంగేడు, గునుగు పూసి ఆ గరుసు నేలే పసుపూ తెలుపూ అయిపోతుంది.

ఈ గడ్డిలో ఒక రకం ఉంది. చలికాలం వచ్చేసరికి దాని గింజలు పంచెకూ, చీర అంచుకూ, గొర్రె బొచ్చుకూ గుచ్చుకుంటాయి. శాస్త్రజ్ఞులు హెటెరోపోగన్ అంటారు. ఒక గింజను తీసి అరచేతిలో పెట్టుకుని చూడండి. కింద వాడి మొన, ఆ మొన చుట్టూ వెనక్కి వాలిన సన్నటి నూగు, పైన మెలితిరిగిన పొడవాటి తోక. దాని మీద ఒక చుక్క నీళ్ళు వేస్తే తోక మెల్లగా మెలిక విప్పుకుంటూ గింజను తిప్పుతుంది. ఆరాక మళ్ళీ మెలిపడుతుంది. రాత్రి మంచుకూ పగటి ఎండకూ ఇలా తిరిగి తిరిగి ఆ గింజ గట్టి నేలలోకి దిగబడుతుంది. వెనక్కి వాలిన నూగు దాన్ని మళ్ళీ పైకి రానివ్వదు. ఎవరూ దున్నకుండా, ఎవరూ నీళ్ళు పోయకుండా, ఏడాదికి ఆరు వందల మిల్లీమీటర్లకు అటూఇటూ కురిసే వానతో తన విత్తనాన్ని తానే వేసుకునే గడ్డి ఇది. నర్సరీలో సంచిలో పెంచి, గుంతలో పెట్టి, ట్యాంకరుతో తడిపి బతికించాలనుకునే మొక్కకు ఈ నేలలో ఉన్న కష్టం ఈ గడ్డికి లేదు. ఇది ఇక్కడిదే.

కంటికి కనిపించేది ఈ గడ్డిలో తక్కువ భాగం. ఏళ్ళ తరబడి బతికే గడ్డి జాతుల బలమంతా వేళ్ళలో ఉంటుంది. మేసినా, కోసినా, నిప్పంటుకున్నా పోయేది పైభాగమే. ఏటా కొన్ని వేళ్ళు చచ్చి మట్టిలో కలుస్తాయి. గాలిలోంచి గడ్డి పీల్చుకున్న బొగ్గుపులుసు వాయువులోని కర్బనం వాటితోపాటే నేలలోకి చేరుతుంది. అడవి తన కర్బనంలో చాలా భాగాన్ని మానులో నిలుపుకుంటుంది. మాను కాలితే అదీ పోతుంది. గడ్డినేల నిల్వ నేల కింద ఉంటుంది. దాన్ని బయటికి తేవాలంటే నేలను తిరగేయాలి. వాతావరణం కోసమని చెప్పి జేసీబీతో వరసగా గుంతలు తవ్వినప్పుడు మనం చేస్తున్నది సరిగ్గా అదే.

ఇక నీళ్ళ సంగతి. కొల్లాపూర్ వాళ్ళకు ఇది చెప్పాల్సిన పని ఉండకూడదు, ఎందుకంటే శ్రీశైలం ముంపులో ఊళ్ళనూ గుళ్ళనూ పోగొట్టుకున్న తాలూకా మాది. ఆ జలాశయం కట్టినప్పుడు 885 అడుగుల మట్టం దగ్గర దాని సామర్థ్యం 308 టీఎంసీలు. తర్వాత జరిపిన సర్వేల్లో అది 215 టీఎంసీలకు అటూఇటూ అని తేలింది. తొంభై టీఎంసీలకు పైగా జాగాను ఒండ్రు మింగేసింది. ఆ ఒండ్రంతా మా చెలకలదే అనను. కృష్ణా తుంగభద్రల పరీవాహకమంతా కలిసి పంపినది అది. కానీ జలాశయం ఒడ్డునే ఉన్న మా వాలు నేలల్లో గడ్డి ఉందా లేదా అన్నది మా చేతిలో ఉన్న విషయం. బోడి నేల మీద పెద్ద చినుకు పడితే మట్టి చెదిరి, పైపొర గట్టిపడి, నీళ్ళు ఇంకకుండా ఎర్రగా పారిపోతాయి. గడ్డి దుబ్బు ఉన్న చోట చినుకు ముందు పోచ మీద పడుతుంది, దుబ్బు దగ్గర ఆగుతుంది, వేళ్ళ సందులోంచి, చెదల దారుల్లోంచి లోపలికి దిగుతుంది. ఎల్లూరు దగ్గర కల్వకుర్తి ఎత్తిపోతల పంపులూ, నార్లాపూర్ దగ్గర పాలమూరు–రంగారెడ్డి మొదటి లిఫ్టూ ఈ జలాశయం నీళ్ళతోనే నడవాలి. వేల కోట్లు పెట్టి నీళ్ళను పైకి ఎత్తుకుంటున్న చోట మట్టిని పైనే ఆపే గడ్డికి రూపాయి విలువ కూడా కట్టకపోవడం నాకు అర్థం కాదు.

కలెక్టర్ గారూ, 2014 నవంబరులో తెలంగాణ తన రాష్ట్ర చిహ్నాలను ప్రకటించుకుంది. పక్షి పాలపిట్ట. చెట్టు జమ్మి. పువ్వు తంగేడు. ఈ మూడింటినీ కలిపి ఎక్కడ చూడవచ్చో ఒక్కసారి ఆలోచించండి. దట్టమైన అడవిలో తంగేడు పూయదు. నీడలో జమ్మి ఎదగదు. పాలపిట్ట ఒంటరి చెట్టు మీదో కరెంటు తీగ మీదో కూర్చుని పొట్టి గడ్డిలో పురుగు కోసం చూస్తుంది. చెట్ల గుబురులో దానికి వేట కుదరదు. మూడూ వెలుతురు నేలలవే, కంచలవే. దసరా నాడు పాలపిట్టను చూడాలని ఊరి బయటికి పోతాం, జమ్మి ఆకు తెచ్చి పెద్దల చేతిలో పెట్టి కాళ్ళు మొక్కుతాం, దానికి ముందు తొమ్మిది రోజులూ తంగేడుతో గునుగుతో బతుకమ్మ పేరుస్తాం. మా చిన్నప్పుడు బతుకమ్మ పూలు కొనేవాళ్ళు లేరు. ఇప్పుడు హైదరాబాద్ మార్కెట్లో కట్టలు కట్టి అమ్ముతున్నారు. కొల్లాపూర్‌లో కూడా తెల్లవారుజామునే బండి మీద దూరం పోయి తెచ్చుకునే ఇళ్ళు చూస్తున్నాను. రాష్ట్రం తన గుర్తులుగా ఎంచుకున్న వాటిని పుట్టించే నేలకు రెవెన్యూ రికార్డులో మాత్రం బంజరు అనో, పోరంబోకు అనో, ఖారిజ్ ఖాతా అనో పేరు పెట్టారు.

అసలు ఇవి అడవి నరికితే మిగిలిన నేలలు కావా అని చదువుకున్న వాళ్ళే అడుగుతారు. కొన్ని చోట్ల అయి ఉండవచ్చు. కానీ దక్కన్ పీఠభూమి మీద గడ్డి, అక్కడక్కడ చెట్టు ఉన్న ఈ రకం నేల మనిషి గొడ్డలి కంటే చాలా పాతది. వేడి ప్రాంతాల గడ్డి జాతులు ప్రపంచమంతటా విస్తరించింది 80 లక్షల నుంచి 50 లక్షల ఏళ్ళ కిందట. మన పాలమూరులోనే ఇంకో సాక్ష్యం ఉంది. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరు బూడిద దిబ్బను 1957లో ఆల్చిన్ అనే పురావస్తు పరిశోధకుడు తవ్వించారు. నాలుగు వేల ఏళ్ళకు పైబడిన కాలం నాటి పశువుల దొడ్డి అది. ఏళ్ళ తరబడి పేడ పోగుపడడం, దాన్ని కాల్చడం, మళ్ళీ దొడ్డి కట్టడం. ఆ పొరల్లో పశువుల గిట్టల ముద్రలు కూడా దొరికాయి. అంత పేడ పోగుపడాలంటే ఎన్ని పశువులు ఉండాలి, అన్ని పశువులు బతకాలంటే ఎంత గడ్డి ఉండాలి? మన పూర్వీకులు ఈ నేల మీద వరి నాటడం కంటే చాలా ముందే మందలు మేపారు.

ఆ మేపడం ఇంకా ఆగలేదు. నల్లమల అంచున అమ్రాబాద్ పదర ప్రాంతాల్లో పెరిగే పొడతూర్పు పశువులు మీ జిల్లావే. తెల్లటి ఒంటి మీద ఎర్రమచ్చలు, గట్టి గిట్టలు, ఎండకూ ఆకలికీ ఓర్చే ఒళ్ళు. ఈ కోడెలను కురుమూర్తి జాతరలో కొనుక్కుపోవడానికి రైతులు వస్తారు. 2020లో కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ వీటిని ప్రత్యేక జాతిగా నమోదు చేసింది. తెలంగాణ నుంచి ఆ గుర్తింపు పొందిన మొదటి పశుజాతి ఇది. జాతిని గుర్తించాం, దాని మేతను గుర్తించలేదు. దాణా తిని కొట్టంలో కట్టేసి ఉండే ఆవు కాదు అది. కాలాన్ని బట్టి అడవికీ, కంచకూ, కోసిన చేనుకూ తిరిగి మేస్తుంది. ఆ తిరుగుడులో ఒక్క మెట్టు తీసేసినా మంద నిలవదు.

జీవాల సంగతి ఇంకా కష్టం. 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో గొర్రెలు 1 కోటి 90 లక్షలు, దేశంలోనే మొదటి స్థానం. 2017లో మొదలైన గొర్రెల పంపిణీ పథకం ఆ అంకెకు ఒక కారణం. యూనిట్‌కు ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు, డెబ్బై ఐదు శాతం సబ్సిడీ. ఆ ఇరవై ఒక్క జీవాలు ఎక్కడ మేయాలో పథకంలో ఎవరూ రాయలేదు. మందలు పెరుగుతున్నాయి, కంచలు తరుగుతున్నాయి. మిగిలిన కొద్ది కంచ మీద అన్నీ వచ్చి పడితే గడ్డి మొదలంటా పోతుంది. అప్పుడు కాపరి వల్లే నేల పాడైందని అందరూ అతన్నే అంటారు.

పెంట్లవెల్లి దారిలో మొక్కల కోసం గుంతలు తవ్విన ఒక కంచ పక్కన జీవాలు కాస్తున్న పెద్దమనిషిని, చెట్లు పెరిగితే నీకూ నీడే కదా అని అడిగాను. ఆయన చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను. "నీడ నాకు పనికొస్తది సారూ. గొర్రెకు ఎండల మొలిసిన గడ్డి గావాలె. నీడల గడ్డి సప్పగుంటది, మూతి వెట్టి ఇడిసిపెడ్తది. గుంత తోడిన కాడ ఇగ మంచి గడ్డి రాదు. ముందుగాల వయ్యారిభామ వొస్తది, దాని ఎన్క సర్కారుతుమ్మ వొస్తది. జీవం తినేది ఒక్కటి రాదు." వృక్షశాస్త్రం చెప్పేదీ ఇదే. మన కంచల గడ్డి నిండా ఎండ ఉంటేనే నిలిచే రకం. పైన కొమ్మలు మూసుకుంటే పలచబడుతుంది. నేల ఒకసారి కదిలిందంటే ముందు వచ్చేవి కలుపు మొక్కలే.

ఆ సర్కారుతుమ్మ కథ కూడా చెట్లు నాటుదామన్న మంచి ఉద్దేశంతోనే మొదలైంది. 1870లలో మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారులు ఎండు నేలల్లో వంటచెరకు కోసం జమైకా నుంచి విత్తనాలు తెప్పించి కడప జిల్లా కమలాపురంలో నాటించారు. నీళ్ళు లేకపోయినా పెరుగుతుంది, పశువులు ఆకు ముట్టవు, బోడి నేల పచ్చబడుతుంది అనుకున్నారు. నిజంగానే పచ్చబడింది. ఈరోజు చెరువు శిఖాలూ, వాగు ఒడ్లూ, కంచలూ దాని ముళ్ళ కింద ఉన్నాయి. మన జమ్మికి అది దూరపు చుట్టం, కానీ జమ్మి కింద పంట పండుతుంది, గడ్డి పెరుగుతుంది. దీని కింద ఏదీ పెరగదు. నూటయాభై ఏళ్ళ కిందటి ఆ ప్రయోగం ఫలితం కళ్ళ ముందే ఉండగా, ఎండు నేల కనపడగానే ఏదో ఒక చెట్టు పెట్టేయాలన్న తొందర మనకు ఇంకా పోలేదు. 2015లో మొదలైన హరితహారం 230 కోట్ల మొక్కల లక్ష్యం పెట్టుకుంది, పచ్చదనాన్ని 24 నుంచి 33 శాతానికి పెంచుతామంది. రోడ్ల పక్కన, బడుల్లో, చెరువు కట్టల మీద ఆ చెట్లు చాలా చోట్ల బాగానే ఎదిగాయి, సంతోషం. కానీ ఆ శాతాల లెక్కలో గడ్డి పచ్చదనం కిందకు రాదు. అందుకని గడ్డిని చంపి చెట్టు పెడితే లెక్కలో లాభమే కనిపిస్తుంది, నష్టం ఎక్కడా నమోదు కాదు. ఇదీ అసలు చిక్కు. కేంద్రం విడుదల చేసే వేస్ట్‌ల్యాండ్ అట్లాస్‌లో తుప్పలూ గడ్డీ ఉన్న నేలలు పనికిరాని భూముల పట్టీలోనే ఉంటాయి. 2019లో ఢిల్లీ పక్కన ఎడారీకరణ మీద ఐక్యరాజ్యసమితి సదస్సు జరిగినప్పుడు మన ప్రభుత్వమే ఇచ్చిన లెక్క ప్రకారం, దేశంలో గడ్డినేలలు 2005లో 180 లక్షల హెక్టార్లు ఉంటే 2015 నాటికి 123 లక్షలకు పడిపోయాయి. పదేళ్ళలో మూడో వంతు దాకా పోయింది. అడవి అంత పోయి ఉంటే దేశం ఊరుకునేదా?

నది అవతలి ఒడ్డున ఏం జరిగిందో చెబుతాను, అది మాకు హెచ్చరిక. సోమశిల దగ్గర కృష్ణ దాటి సిద్ధేశ్వరం వైపు దిగి నందికొట్కూరు దారి పడితే రోళ్ళపాడు వస్తుంది. అక్కడి గడ్డి మైదానంలో బట్టమేక పిట్ట ఉండేది. ఎగిరే పక్షుల్లో బాగా బరువైన వాటిలో అదొకటి, మనిషి నడుము దాకా వచ్చే ఎత్తు. గూడు కట్టదు. బోడి నేల మీదే, మామూలుగా ఏడాదికి ఒక్క గుడ్డు పెడుతుంది. దాని కోసం 1988లో 614 హెక్టార్లలో అభయారణ్యం ప్రకటించారు. బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రజ్ఞులు అక్కడే ఉండి దాని మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేశారు. అయినా ఇవాళ రోళ్ళపాడులో బట్టమేక కనిపించడం గగనమైపోయింది. దేశం మొత్తం మీద 150 కూడా మిగల్లేదు. ఎందుకలా అయింది? 614 హెక్టార్ల చుట్టూ కంచె వేశారు కానీ, ఆ పిట్ట తిరిగింది అంతకంటే ఎన్నో రెట్లు పెద్ద నేలలో. చుట్టూ ఉన్న మేత భూములూ, జొన్న కొర్ర వేసే మెట్ట చేలూ నీటిపారుదలతో మారిపోయాయి, పంటలు మారాయి, మనుషులూ కుక్కలూ పెరిగారు. లోపల కృష్ణజింకలు పెరిగి బయటి చేల మీద పడేసరికి ఊళ్ళవాళ్ళకు అభయారణ్యమంటేనే కోపం వచ్చింది. ఇవతలి ఒడ్డున నారాయణపేట జిల్లాలో కృష్ణ, మాగనూరు మండలాల రైతులదీ ఇప్పుడు అదే గోడు, మందలు మందలుగా జింకలు వచ్చి చేను మేసిపోతున్నాయని. వాటికి వాటి నేల లేకుండా చేసి, చేలోకి వచ్చాయని గొడవపడుతున్నాం.

అందుకని నేను ఒక ముక్క చుట్టూ ముళ్ళతీగ వేయించి బోర్డు పెట్టించమని అడగడం లేదు. కాపరిని బయటికి పంపి కాపాడే గడ్డినేల ఎక్కువ కాలం గడ్డినేలగా ఉండదు. అసలు మేతే లేకపోతే పాత గడ్డి పేరుకుపోయి కొత్త మొలక ఆగుతుంది, తుప్ప కమ్ముకుంటుంది. మేత ఉండాలి, మేతకు ఓ పద్ధతి ఉండాలి. తొలి వానలకు గడ్డి నిలదొక్కుకునే దాకా కొన్ని కంచలను ఆపి, ఆ తర్వాత వంతుల వారీగా వదలడం కాపరులకు తెలియని విద్య కాదు. కంచ పాతికెకరాలకు తగ్గిపోయాక వాళ్ళు దేన్ని ఆపగలరు, దేన్ని వదలగలరు?

ఇంకో మాట కూడా చెప్పకుండా దాటవేయకూడదు. కంచ అనగానే భూమి లేని వాళ్ళ ఆశ కూడా అక్కడే ఉంటుంది. సర్కారు భూమి పంచితే బతుకు దొరికిన దళిత కుటుంబాలు మా మండలాల్లో ఉన్నాయి. వాళ్ళకు భూమి ఇవ్వవద్దని అనే హక్కు నాకు లేదు, అనను. నా బాధ అటువైపు కాదు. కల్వకుర్తి నుంచి నంద్యాలకు 167కె జాతీయ రహదారి వస్తోంది, సోమశిల దగ్గర కృష్ణ మీద తీగల వంతెనకు అనుమతి వచ్చింది. ఎన్నో ఏళ్ళుగా పడవల మీద ప్రాణాలరచేత పెట్టుకుని నది దాటిన జనం మేము, వంతెన రావాల్సిందే. కానీ రోడ్డు కంటే ముందే వెంచర్ల జెండాలు వచ్చేస్తాయని తెలంగాణలో తెలియనిది ఎవరికి? అప్పుడు కంచ పేదవాడికీ దక్కదు, గొర్రెకూ దక్కదు. 2025 వసంతంలో కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీద యంత్రాలు దిగినప్పుడు సుప్రీంకోర్టు ఆపింది. అక్కడ విశ్వవిద్యాలయం ఉంది, విద్యార్థులు ఉన్నారు, కెమెరాలు ఉన్నాయి. మా కంచల దగ్గర యంత్రం ఆగిందంటే కాపరి ఒక్కడే అడ్డం నిలబడి ఉండాలి.

ప్రపంచంలో ఇలా పోగొట్టుకున్న వాళ్ళు ఇంకా ఉన్నారు. అమెరికా నడిబొడ్డున నిలువెత్తు గడ్డి పెరిగే ప్రెయిరీ ఉండేది. పంతొమ్మిదో శతాబ్దంలో ఉక్కు నాగళ్ళు వచ్చాక దాన్ని దున్నేశారు. ఇప్పుడు అందులో మిగిలింది నాలుగు శాతం కూడా లేదు. ఆ పక్క పొట్టి గడ్డి మైదానాలను కూడా గోధుమ కోసం దున్నాక, 1930లలో కరువు వచ్చేసరికి మట్టిని పట్టి ఉంచే వేళ్ళు లేక పగలే చీకటి కమ్మేంత ధూళి తుఫానులు లేచాయి, లక్షల మంది ఊళ్ళు వదిలిపోయారు. అయోవాలో, ఇల్లినాయ్‌లో ఆనాటి గడ్డి జాతులు కొన్ని పాత శ్మశానాల్లో మిగిలాయి, అక్కడికి నాగలి వెళ్ళలేదు కాబట్టి. ఇప్పుడు ఆ చిన్న మడుల నుంచి విత్తనం ఏరి, లక్షల డాలర్లు ఖర్చుపెట్టి మళ్ళీ ప్రెయిరీ పెంచే ప్రయత్నాలు చేస్తున్నారు. ఎకరం తిరిగి తెచ్చుకోవడానికి ఏళ్ళు పడుతోంది, వచ్చినా పాత జాతులన్నీ రావడం లేదు. మనకు ఇంకా మిగిలి ఉంది. మన అటవీశాఖ సిబ్బందే అమ్రాబాద్ పెద్దపులుల అభయారణ్యంలో జింకల కోసం గడ్డి పెంచే పని చేస్తున్నారు. అడవి లోపల గడ్డి విలువ తెలిసినప్పుడు అడవి బయట ఎందుకు తెలియకూడదు?

కలెక్టర్ గారూ, మీ చేతిలో ఉన్న దారులు చిన్నవి కావు. 2025లో భూభారతి చట్టం వచ్చింది, రికార్డులు కొత్తగా సరిచూస్తున్నారు. ఈ అదనులోనే ఊరూరా కంచలను మేత నేలగా, గడ్డినేలగా స్పష్టంగా రాయించవచ్చు. ఉమ్మడి భూములు కాపాడమని జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2011 జనవరిలో అన్ని రాష్ట్రాలకూ చెప్పింది, పోరంబోకు మాట కూడా అందులో ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీకీ ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ, ఊరి మొక్కలూ జంతువులూ రాసిన ఒక ప్రజా రిజిస్టరు ఉండాలి. ఆ రిజిస్టరులో చింతా వేపా రాసి సరిపెట్టకుండా గడ్డి జాతులను రాయించండి. రాయడానికి జీవాలు కాసేవాళ్ళను, ఆకుకూరలకూ సీతాఫలాలకూ కంచ తిరిగే ఆడవాళ్ళను, చెంచు పెద్దలను కూర్చోబెట్టండి. ఏ గడ్డి ఏ కార్తెలో వస్తుందో, ఏది పాలు పెంచుతుందో, ఏది గొర్రె నోరు పొక్కిస్తుందో వాళ్ళకు తెలిసినంత ఏ పుస్తకంలోనూ లేదు. అదే చట్టం కింద సంగారెడ్డి జిల్లాలోని అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. ఒక చెరువుకు దక్కిన గౌరవం ఒక కంచకు ఎందుకు దక్కకూడదు? ఆ ప్రతిపాదన మన జిల్లా నుంచి వెళితే తెలంగాణలో గడ్డినేలకు అదే మొదటిది అవుతుంది. ఐక్యరాజ్యసమితి 2026ను గడ్డినేలల, పశుపోషకుల అంతర్జాతీయ సంవత్సరంగా ప్రకటించింది కాబట్టి అడగడానికి ఇంతకంటే మంచి అదను ఉండదు.

ఉపాధి హామీ కూలీలకు పని పోతుందనే భయం అక్కర్లేదు. కంచల్లో చేయాల్సిన పని కావాల్సినంత ఉంది, అది గుంతలు తవ్వడం మాత్రం కాదు. సర్కారుతుమ్మను వేళ్ళతో సహా తీయించండి. వయ్యారిభామను పూతకు రాకముందే పీకించండి. గడ్డి పూర్తిగా పోయిన చోట పక్క కంచలో ముదిరిన విత్తనం దూయించి వాన ముందు చల్లించండి. మొక్కలు నాటాల్సిన చోట్లు కూడా ఉన్నాయి. బడి ఆవరణలు, కాలువ గట్లు, చెరువు కట్టలు, ఊరి దారులు, ఒప్పుకున్న రైతుల గెట్లు. సింగోటం జాతరకు వచ్చే జనానికి నీడ లేక ఎండలో నిలబడే చోట నాటండి, అందరం వచ్చి నీళ్ళు పోస్తాం.

ఈ ఏడాది జాబితా మీ బల్ల మీదికి వచ్చినప్పుడు కొల్లాపూర్ చుట్టుపక్కల మండలాల వరసలు మాత్రం ఒకటికి రెండుసార్లు చూడండి. ఖాళీ స్థలం అని రాసి ఉన్న ప్రతి సర్వే నంబరు ఎదుటా, అక్కడ ఏయే ఊళ్ళ జీవాలు ఎన్ని మేస్తున్నాయో రాసుకు రమ్మని తహసీల్దార్లను అడగండి. ఆ జవాబు వచ్చేదాకా అక్కడికి జేసీబీని పంపవద్దని ఒక్క మాట చెప్పండి. మిమ్మల్ని వెంటబెట్టుకుని కంచలు తిప్పడానికి నేనూ, మా ఊరి గొల్లకుర్మ పెద్దలూ సిద్ధంగా ఉన్నాం. మృగశిరకు వస్తే మంచిది, ముందే వచ్చినా చూపించడానికి చాలా ఉంది.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కొల్లాపూర్